ఎవ్రీబడీ అనే మగాడు

ఇంగ్లీషు వ్యాకరణంలో ఒక వింత మనిషి ఉన్నాడు. పేరు ఎవ్రీబడీ. ఊరంతా కలిస్తేనే అతను తయారవుతాడు, అయినా ఒక్కడే. ఆ ఊళ్లో సగం మంది ఆడవాళ్లు, అయినా మగాడే. బహిరంగ సభకు లక్ష మంది వచ్చారనుకోండి. గ్రామర్ ప్రకారం ఎవ్రీబడీ వచ్చాడు, అతని కుర్చీలో అతను కూర్చున్నాడు, ఉపన్యాసం అయ్యాక అతని చెప్పులు వెతుక్కున్నాడు. లక్ష మంది ఒక్క కుర్చీలో ఎలా పట్టారని అడిగారంటే మీకు ఇంగ్లీషు రాదని తేలిపోయినట్టే.

ఇతనికి అన్నదమ్ములు చాలామంది. ఎవ్రీవన్, ఎనీవన్, సమ్‌బడీ, ఈచ్. అందరిలోకీ నోబడీ కథ మరీ చిత్రం. ఆయన అసలు లేడు. లేకపోయినా మగాడే.

ఈ కుటుంబానికి ఇప్పుడు అసలైన పుట్టిల్లు ఇంగ్లండు కాదు. నంద్యాలలో బ్యాంకు కోచింగుకు వచ్చిన పిల్లలను అడగండి, హైదరాబాదు అశోక్‌నగర్‌లో గ్రూప్స్‌కు చదువుతూ హాస్టల్ మెస్‌లో తింటున్నవాళ్లను అడగండి, కుటుంబ వివరాలన్నీ వాళ్లే చెబుతారు. స్పాటింగ్ ఎర్రర్స్ అని ఒక బిట్ ఉంటుంది. ఒక వాక్యాన్ని నాలుగు ముక్కలు చేసి ఏ, బీ, సీ, డీ అని పేర్లు పెట్టి, తప్పు ఏ ముక్కలో ఉందో పట్టుకోమంటారు. 'ఎవ్రీవన్ హ్యాజ్ సబ్మిటెడ్ దెయిర్ అప్లికేషన్' అని ఇచ్చారంటే తప్పు 'దెయిర్' దగ్గర ఉందన్నమాట. 'హిజ్' అనాలి. సారు చెప్పే షార్ట్‌కట్ కూడా అంతే సూటిగా ఉంటుంది: ఎవ్రీ, ఈచ్, ఎనీ, నో కనిపిస్తే కళ్లు మూసుకుని సింగులర్ కొట్టండి. కళ్లు మూసుకోవడం అన్న మాట మాత్రం అక్షరాలా నిజం. కళ్లు తెరిస్తే ఈ సూత్రం నిలవదు.

సారు చెప్పిందంతా తప్పని అనడం లేదు. క్రియ దగ్గర ఆయన మాట వేదమే. 'ఎవ్రీవన్ ఈజ్' అనాలి, 'ఎవ్రీవన్ ఆర్' అనకూడదు. 'ఈచ్ ఆఫ్ ది బాయ్స్ హ్యావ్' అన్నవాడికి పావు మార్కు కోత పడటం న్యాయమే. ఇంగ్లీషు పుట్టిల్లయిన దేశాల్లో కూలివాడి నుంచి ప్రొఫెసరు దాకా దాన్ని పాటిస్తారు, ఎవరూ నేర్పక్కర్లేదు. పేచీ అంతా తర్వాతి అడుగులోనే. క్రియ ఏకవచనం కాబట్టి వెనకాల వచ్చే సర్వనామమూ ఏకవచనమే కావాలి, ఆ ఏకవచనం మగదే కావాలి అన్న రెండు గంతులు ఎవరు వేయించారు?

ఆ గంతులు వేసి చూడండి. 'ఎవ్రీవన్ వాజ్ హంగ్రీ, సో ఐ గేవ్ హిమ్ ఫుడ్.' అందరికీ ఆకలి వేసింది, అందుకని వాడికి అన్నం పెట్టాను. బంతి మొత్తానికి ఒక్క విస్తరే పడింది. మిగతావాళ్లు లేచి వెళ్లిపోవచ్చు, వ్యాకరణం నిండుగా ఉంది. ఇంకొకటి: 'ఎనీవన్ అప్లయింగ్ ఫర్ మెటర్నిటీ లీవ్ మస్ట్ సైన్ హిజ్ ఫారమ్.' ప్రసూతి సెలవు కావాలన్న ఆ మహానుభావుడెవరో ముందుకు వచ్చి సంతకం పెట్టాలి. ఇలాంటి చోట 'హర్' అనుకోవచ్చు కదా, సందర్భాన్ని బట్టి మార్చుకోమని పుస్తకాల్లోనే ఉంది కదా అంటారు. నిజమే. అంటే మగవాళ్లున్నారో ఆడవాళ్లున్నారో తెలిస్తే సందర్భం, తెలియకపోతే మగవాడు. తలుపు అవతల ఎవరున్నారో చూడకుండానే మీసాలు దిద్దేస్తామన్నమాట.

పుస్తకం అంటే మనకు ఒకటే పుస్తకం, రెన్ అండ్ మార్టిన్. ఈ ఇద్దరిలో పెర్సివల్ క్రిస్టఫర్ రెన్ బొంబాయి ప్రెసిడెన్సీలో విద్యాశాఖలో పనిచేశాడు. 1924లో 'బో జెస్ట్' అనే సాహస నవల రాశాడు, ఎడారిలో ఫ్రెంచి విదేశీ దళం కథ, సినిమాలు కూడా వచ్చాయి. బయటి ప్రపంచానికి ఆయన ఆ నవల రాసినవాడు, మనకు మాత్రం గ్రామర్ తాత. తర్వాత ఆ పుస్తకాన్ని సవరించింది ఎన్.డి.వి. ప్రసాదరావు గారు. ఎవరు ఆడో ఎవరు మగో తేలనప్పుడు మగ సర్వనామమే వాడాలని అందులో ఉంది, కారణమూ ఉంది: ఇద్దరికీ కలిపి వాడదగ్గ ఏకవచన సర్వనామం ఇంగ్లీషులో లేదట. కారణం నిజాయతీగానే ఉంది. లేనిది లేదన్నారు. కాని ఇంగ్లీషువాళ్లు దానికి ఎప్పుడో ఏర్పాటు చేసుకున్నారు. దాని పేరే 'దే'.

ఎప్పటి నుంచి? 1375 ప్రాంతంలో రాసిన 'విలియం అండ్ ది వేర్‌వుల్ఫ్' కావ్యంలోనే ఒక్కొక్క మనిషి గురించి చెబుతూ 'దే' వాడారు. అదే శతాబ్దంలో ఛాసర్ వాడాడు. షేక్‌స్పియర్ వాడాడు. 1611లో జేమ్స్ రాజు చేయించిన బైబిలు అనువాదంలో వాడారు, మత్తయి సువార్త 18వ అధ్యాయం చివరి వచనం తీసి చూసుకోవచ్చు. జేన్ ఆస్టెన్ నవలల్లో లెక్కలేనన్ని సార్లు వాడింది. వీళ్లందరూ స్పాటింగ్ ఎర్రర్స్‌లో కూర్చుంటే నెగెటివ్ మార్కులతో ప్రిలిమ్స్ దాటరు.

మరి 'హిజ్' సూత్రం ఎప్పటిది? మొదట చెప్పినవాళ్లు ఎవరంటే తరచూ వినిపించే పేరు ఆన్ ఫిషర్. న్యూకాజిల్‌లో బడి నడిపిన పంతులమ్మ, 1745లో వ్యాకరణం రాసింది. మగ పదం ఆడవాళ్లకు కూడా వర్తిస్తుందని చెప్పింది ఒక ఆడమనిషే అన్నది మన వాదనకు ఇబ్బందికరమైన సంగతే, అయినా దాచడం ఎందుకు. దాన్ని ఇంటింటికీ చేర్చింది మాత్రం లిండ్లీ మరే. అమెరికాలో వకీలుగా ఉండి ఇంగ్లండులో యార్క్ దగ్గర స్థిరపడ్డ పెద్దమనిషి. 1795లో ఆయన వ్యాకరణం వచ్చింది, లక్షల ప్రతులు అమ్ముడుపోయింది. 'ఎనీవన్' వెనకాల 'దెయిర్' రాసిన వాక్యాన్ని తప్పుల పట్టీలో పెట్టి 'హిజ్' అని దిద్దాడు. ఇంతకీ ఆ పుస్తకం ఎవరి కోసం రాశాడో తెలుసా? యార్క్‌లో క్వేకర్ల ఆడపిల్లల బడిలో టీచర్లు అడిగితే రాశాడు. తరగతి గదిలో ఉన్న ప్రతి ఒక్కరూ ఆడపిల్లే. వాళ్లకు నేర్పిన పాఠం: ప్రతి ఒక్కరూ 'హీ'.

మొత్తం మీద వాడుక వయసుకూ సూత్రం వయసుకూ నాలుగు వందల ఏళ్ల తేడా. అయినా సూత్రమే పెద్దదై కూర్చుని, వాడుకను నిన్న మొన్న పుట్టిన ఫ్యాషన్ అంటోంది. తాతకు దగ్గులు నేర్పడం అంటే ఇదే.

సరే, గ్రామర్ పుస్తకాల్లో ఆగిపోయి ఉంటే పోనీ అనుకోవచ్చు. 'హీ అంటే షీ కూడా' అన్న మాట చట్టంలోకి దూరాక అసలు రంగు బయటపడింది. 1850లో బ్రిటిష్ పార్లమెంటు చట్టాల భాషను కుదించడానికి ఒక చట్టం చేసింది. మగవాళ్లను సూచించే పదాల్లో ఆడవాళ్లు కూడా చేరినట్టే అని అందులో రాశారు. ఆడవాళ్లు ఆ మాట నమ్మారు. 1867 సంస్కరణ చట్టం ఓటు హక్కు గురించి చెబుతూ 'మ్యాన్' అని రాసింది. మ్యాన్‌లో మేమూ ఉన్నామని మీరే అన్నారు కదా అని మాంచెస్టర్‌లో 5,346 మంది ఆడవాళ్లు ఓటరు జాబితాలో పేరు అడిగారు. 1868లో కోర్టు కాదు పొమ్మంది. పన్ను కట్టించుకునేటప్పుడు మాత్రం ఆ పదంలో వాళ్లు భేషుగ్గా ఇమిడిపోయేవారు.

మన దేశంలో ఈ కథ ఇంకా శుభ్రంగా నడిచింది. 1860 నాటి భారత శిక్షాస్మృతిలో 8వ సెక్షన్, 'హీ' అంటే మగైనా ఆడైనా ఏ మనిషైనా అని చెప్పింది. 1897 జనరల్ క్లాజెస్ చట్టం 13వ సెక్షన్‌లో అదే మాట మిగతా చట్టాలకు కూడా వర్తింపజేసింది, సందర్భం అడ్డం రాకపోతే అని చిన్న తోక తగిలించి. ఆ తోక ఎందుకో 1916లో తెలిసింది. రెజీనా గుహ అనే ఆమె న్యాయశాస్త్రం చదివి పాసై, ప్లీడరుగా పేరు నమోదు చెయ్యమని దరఖాస్తు పెట్టుకుంది. లీగల్ ప్రాక్టీషనర్స్ చట్టంలో ఉన్న మగ పదాల్లో 13వ సెక్షన్ ప్రకారం నేనూ ఉన్నాను కదా అన్నదే వాదన. కలకత్తా హైకోర్టులో అయిదుగురు జడ్జీలు కూర్చుని లేవన్నారు. 1921లో పాట్నా హైకోర్టులో సుధాంశుబాలా హజ్రా అడిగితే అక్కడా అదే సమాధానం. చివరికి 1923లో ఆడవాళ్లు వకీళ్లు కావచ్చని విడిగా ఒక చట్టమే చెయ్యాల్సి వచ్చింది.

ఈ రెండు సెక్షన్లను పక్కపక్కన పెట్టి చదవండి, వ్యాకరణం చాలా తేలిగ్గా అర్థమవుతుంది. దొంగతనం చేస్తే 'హీ'లో ఆడది ఉంటుంది. ఆ దొంగ తరఫున వాదిస్తానంటే ఉండదు. జైలు గదిలో చోటుంది, కోర్టు హాల్లో లేదు. 'హీ' అన్నది అందరి పదం అని ఇవాళ మనకు చెబుతున్న పెద్దలు, ఆ 'అందరూ' ఎప్పుడెప్పుడు ఎంతమందో కూడా ఒక పట్టిక వేసి ఇస్తే పిల్లలు బట్టీ పట్టుకుంటారు.

పాత శిక్షాస్మృతిని వలస పాలన అవశేషమని తీసేశాం. 2024 జులై 1 నుంచి భారతీయ న్యాయ సంహిత వచ్చింది. పేరు మారింది, సెక్షన్ల నంబర్లు మారాయి, 420 అన్న తిట్టుకు అర్థం లేకుండా పోయింది. 'హీ' మాత్రం కదల్లేదు. కొత్త నిర్వచనం ప్రకారం 'హీ' అంటే పురుషుడు, స్త్రీ, ట్రాన్స్‌జెండర్, ఎవరైనా. ఇల్లు అదే, ఓనరు అదే, మూడో వాటా కూడా అద్దెకిచ్చారు.

ఇందులో అన్నింటికంటే విడ్డూరం, ఈ తలనొప్పి మనకు పుట్టుకతో లేదు. 'ఎవరో తలుపు కొడుతున్నారు, చూడు' అంటాం. అవతల ఉన్నది ఒక్కరే కావచ్చు, పాలవాడో పక్కింటి అత్తయ్యో తెలియదు. 'ఎవరో కొడుతున్నాడు' అని ఏ తెలుగువాడూ అనడు. ప్రతి ఒక్కరూ వచ్చారు, ఎవరి పిచ్చి వారికి ఆనందం. ఒక్కరు అంటూనే బహువచన క్రియ, ఎవరు అంటూనే వారు. తెలియని మనిషిని గౌరవంగా, ఆడా మగా తేల్చకుండా, ఒకరో పదిమందో అడక్కుండా పిలుచుకునే ఏర్పాటు మన నాలుక మీదే ఉంది. 'తన' అనే మాట ఎవరికైనా సరిపోతుంది. ఇంగ్లీషువాడి 'దే' చేసే పని అచ్చంగా ఇదే. దాన్ని వినగానే మనకు బంధువు కనబడినట్టు ఉండాలి. మనం దొంగను పట్టుకున్నట్టు సున్నా చుడుతున్నాం.

అలాగని తెలుగు మరీ కడిగిన ముత్యమేం కాదు. పిల్లి వచ్చింది, బస్సు వచ్చింది, వదిన వచ్చింది. ఏకవచనంలో మగవాడు మాత్రమే 'డు' కట్టుకుని వేరే కుర్చీలో కూర్చుంటాడు, ఆడమనిషికి బస్సు పక్కన సీటు. బహువచనంలోకి వచ్చాకే ఆమెకు మనిషి హోదా. అందుకే కాబోలు అనుమానం వచ్చిన ప్రతిసారీ మన భాష బహువచనంలోకి పరుగెడుతుంది.

బహువచన పదాన్ని ఒక్క మనిషికి వాడితే లెక్క తప్పుతుందని మరో వాదన. ఈ లెక్కల మేధావులు ఒక్కసారి ఆలోచించాలి, తమ ఎదుట నిలబడ్డ ఒక్క కుర్రాడితో 'యు ఆర్ రాంగ్' అనేటప్పుడు 'ఆర్' ఎందుకు వాడుతున్నారో. 'యు' కూడా ఒకప్పుడు బహువచనమే. ఒక్కరికి 'దౌ' ఉండేది. 1660లో క్వేకర్ల నాయకుడు జార్జ్ ఫాక్స్, ఒక్క మనిషిని 'యు' అనేవాళ్లకు ఏకవచనం బహువచనం తేడా తెలియదని ఏకంగా ఒక పుస్తకమే అచ్చు వేయించాడు, ఎన్నో భాషల నుంచి ఉదాహరణలు తెచ్చి మరీ. ఆయన ఓడిపోయాడు. దాదాపు నూటముప్ఫయ్యయిదేళ్ల తర్వాత మన లిండ్లీ మరే గారు, ఆయనా క్వేకరే, 'దే' మీదకు యుద్ధానికి వెళ్లాడు. మనమూ ఒక్క అత్తగారిని 'మీరు' అంటున్నాం, ఆవిడ ఎప్పుడూ వెనక్కి తిరిగి రెండో అత్తగారి కోసం వెతకలేదు.

కొత్త పదం కల్పిద్దామని చూసినవాళ్లూ ఉన్నారు. చార్లెస్ కాన్వర్స్ అనే అమెరికన్ వకీలు, కీర్తనలకు బాణీలు కూడా కట్టినవాడు, 1858లో 'థాన్' అనే సర్వనామం తయారు చేశాడు. 1934లో వెబ్‌స్టర్ పెద్ద నిఘంటువు దానికి చోటిచ్చింది, 1961లో తీసేసింది. ఎవరూ వాడలేదు మరి. 'హీ ఆర్ షీ' ఒకటుంది, ప్రభుత్వ నోటిఫికేషన్లలో గీత పెట్టి 'హిజ్/హర్' అని వేస్తారు. ఒక వాక్యంలో నాలుగుసార్లు వస్తే చదివేవారికి రోడ్డు మీద స్పీడ్ బ్రేకర్లు లెక్కపెడుతున్నట్టే ఉంటుంది. కమిషన్లు తమ నోటిఫికేషన్‌లో 'హిజ్' ఒక్కటే చాలదని గీత పెట్టి మరీ ఒప్పుకున్నాయి. కోచింగ్ మెటీరియల్‌కు ఆ కబురు అందలేదు.

'నన్' సంగతి కూడా ఇక్కడే తేల్చేద్దాం. నన్ అంటే నాట్ వన్, అంటే ఒకటి కూడా కాదు, కాబట్టి ఎప్పుడూ సింగులరే అని సూత్రం. పాత ఇంగ్లీషులో ఆ పదం అలా పుట్టిన మాట నిజమే. కాని పుట్టుకను బట్టి ప్రవర్తన ఉండాలంటే భాషలో చాలా పదాలను అరెస్టు చెయ్యాలి. వాడుక విషయంలో ఇంగ్లీషువాళ్లలోనే మహా చాదస్తుడని పేరున్న ఫౌలర్ 1926లో, 'నన్' ఏకవచనమే అనుకోవడం పొరపాటని రాశాడు. మన రెన్ అండ్ మార్టిన్‌లోనే, నన్ అన్నది నాట్ వన్‌కు పొట్టి రూపమైనా మామూలుగా బహువచన క్రియతోనే వాడతారని ఒక చిన్న గమనిక ఉంది. ఆ పుస్తకం మీద ప్రమాణం చేసేవాళ్లకు దాన్ని తెరిచే తీరిక ఉండదు.

ఇంతలో అసలు దేశాల్లో ఏం జరిగింది? 2017లో అసోసియేటెడ్ ప్రెస్ వార్తా సంస్థ తన శైలి పుస్తకంలో, వేరే దారి లేనప్పుడు ఏకవచన 'దే' వాడుకోవచ్చని సడలించింది. 2019లో అమెరికన్ మనస్తత్వశాస్త్ర సంఘం తన శైలి పుస్తకం ఏడో కూర్పులో, మనిషి ఎవరో తెలియనప్పుడు 'దే' వాడమని నేరుగానే సిఫారసు చేసింది. ఆ ఏడాదే మెరియం వెబ్‌స్టర్ దాన్ని సంవత్సరపు పదంగా ఎంచుకుంది. ఇప్పుడు మన పిల్ల ఒకతె ఇక్కడ ఏళ్ల తరబడి 'దెయిర్' మీద తప్పు గుర్తు పెట్టి, వీసా తెచ్చుకుని, అమెరికాలో నర్సింగో విద్యాశాస్త్రమో చదవడానికి వెళ్లిందనుకోండి. అక్కడ ఆ సంఘం శైలిలోనే వ్యాసాలు రాయాలి. 'ఈచ్ పేషెంట్ అండ్ హిజ్ ఫ్యామిలీ' అని ముచ్చటగా రాసి ఇస్తుంది. ప్రొఫెసరు దానికి సున్నా చుట్టి పక్కన 'దెయిర్' అని రాస్తాడు. ఇక్కడ దక్కించుకున్న పావు మార్కును అక్కడ డాలర్లలో కట్టడం అంటే ఇదే.

దీనికి మన పెద్దల దగ్గర సమాధానం సిద్ధంగా ఉంటుంది. అమెరికావాళ్లు భాషను పాడు చేశారు, అసలైన ఇంగ్లీషు మన దగ్గరే మిగిలింది. నిజమే, దొరలు వెళ్తూ వెళ్తూ మరిచిపోయిన గొడుగును మనం ఇప్పటికీ వాన లేకపోయినా పట్టుకుని నిలబడ్డాం.

ఇవన్నీ వద్దు, చరిత్రా కోర్టులూ అమెరికా అన్నీ వదిలెయ్యండి. మార్కెట్లో దొరికే మోడల్ పేపర్ల పుస్తకం ఒకటి తీసుకుని స్పాటింగ్ ఎర్రర్స్ దాటి క్వశ్చన్ ట్యాగ్స్ దగ్గరికి రండి. 'ఎవ్రీబడీ హ్యాజ్ కమ్', దీనికి ట్యాగ్ ఏమిటి? హ్యాజంట్ హీ? కాదట. 'హ్యావెంట్ దే' అట. 'నోబడీ కాల్డ్'కు 'డిడ్ దే'. ఎవ్రీబడీ, నోబడీ, సమ్‌వన్ వస్తే ట్యాగ్‌లో 'దే' రాయాలని అదే సారు, అదే గొంతుతో, ఇంకో షార్ట్‌కట్‌గా రాయిస్తారు. 'హీ' రాస్తే తప్పు. నాలుగు పేజీల వెనక ఏకవచనం, మగవాడు, కళ్లు మూసుకుని కొట్టాల్సినవాడు అయిన ఎవ్రీబడీ, కామా దాటగానే బహువచనమై ఆడవాళ్లను కూడా వెంటేసుకుని నిలబడతాడు. ఎందుకని ఏ కుర్రాడూ అడగడు, సిలబస్ పూర్తి కావాలి.

కాబట్టి పరీక్ష రాసేవాళ్లకు నా సలహా ఒకటే. వాక్యం మధ్యలో 'దెయిర్' కనిపిస్తే తప్పని పెట్టండి. వాక్యం చివర 'దే' కనిపిస్తే ఒప్పని పెట్టండి. కీలో రెండూ అలాగే ఉంటాయి, రెండు మార్కులూ వస్తాయి.